బ్యారేజీకి పేరిచ్చిన బారిస్టరు

సీతానగరం, ఉండవల్లి వైపు నుంచి బెజవాడ వచ్చే మన ఫ్రెండ్స్ రోజూ ప్రకాశం బ్యారేజీ దాటుతారు. వరదొస్తే 70 గేట్లూ ఎత్తారా లేదా అని అందరం ఫోన్లలో చూసుకుంటాం. ఆ ప్రకాశం ఎవరంటే మాత్రం ఆంధ్రకేసరి, ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి, తుపాకీకి గుండె చూపించినాయన అని మూడు ముక్కల్లో తేల్చేస్తాం. ఆయన ముందు లాయరు. అదీ, ఎవరూ ముట్టుకోవడానికి ఇష్టపడని క్రిమినల్ కేసులో ముద్దాయిల పక్కన నిలబడ్డ లాయరు.

టంగుటూరి ప్రకాశం 1872 ఆగస్టు 23న ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోతే తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లల్ని పెంచారు. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అనే మాస్టారు చేరదీసి, తనతోపాటు రాజమండ్రి తీసుకెళ్లి చదివించారు. ఆ తర్వాత మద్రాసులో లా చదివి, రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా బాగా సంపాదించారు. 1904లో అక్కడి మునిసిపల్ చైర్మన్ కూడా అయ్యారు.

కానీ సెకండ్ గ్రేడ్ ప్లీడరు ఎంత తెలివైనవాడైనా కింది కోర్టుల దగ్గరే ఆగిపోవాలి, హైకోర్టులో వాదించడానికి వీల్లేదు. అందుకే ఉన్న ప్రాక్టీసు వదిలేసి లండన్ వెళ్లి, 1907 నాటికి బారిస్టరై మద్రాసులో అడుగుపెట్టారు.

1911 జూన్ 17న తిరునల్వేలి కలెక్టరు ఆష్‌ని మణియాచ్చి రైల్వే స్టేషన్లో వాంచినాథన్ కాల్చి చంపాడు, అక్కడే తనూ కాల్చుకుని చనిపోయాడు. దాంతో ప్రభుత్వం మరో 14 మంది మీద కుట్ర కేసు పెట్టింది. తెల్ల కలెక్టరు హత్య కేసు కదా, ముద్దాయిల తరఫున నిలబడితే మీరూ వాళ్ల మనిషేనా అంటారు. చాలామంది లాయర్లకి అదే భయం. ప్రకాశం మాత్రం వెనకాడలేదు, డిఫెన్స్ లాయర్లలో ఒకరిగా వాదించారు.

కాల్చినవాడు బతికిలేని కేసులో మిగిలేది కుట్ర సంగతే. ఎవరు ఎవరిని కలిశారు, అప్రూవరుగా మారినవాడి మాట ఎంతవరకు నమ్మొచ్చు, పక్కనున్నంత మాత్రాన నేరం చేసినట్టేనా... డిఫెన్స్ లాయరు పని ఇదే. హత్యని మెచ్చుకోవడం కాదు, రుజువు ఏదీ అని అడగడం. 1912 ఫిబ్రవరిలో తీర్పొచ్చింది. ఒక్కరికీ ఉరి పడలేదు. మొదటి ముద్దాయి నీలకంఠ బ్రహ్మచారికి 7 ఏళ్లు, శిక్ష పడిన మిగతావాళ్లకి అంతకంటే తక్కువ. కొందరు విడుదలయ్యారు.

1921లో కాంగ్రెస్ పెద్దలంతా గాంధీగారితో సహా బెజవాడలో సమావేశమయ్యారు. అదే ఏడాది ప్రకాశం లక్షలు తెచ్చిపెట్టే ప్రాక్టీసు మానేసి, ఆ డబ్బంతా స్వరాజ్య పత్రికలో పోశారు. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్ బహిష్కరణ రోజు పోలీసు కాల్పుల్లో ఒక మనిషి చనిపోయాడు. ఆ శవం దగ్గరికి వెళ్లనివ్వకపోతేనే ఆయన చొక్కా తీసి గుండె చూపించింది. అది జరిగింది ఎక్కడో కాదు, ఒకప్పుడు తను వాదించిన హైకోర్టుకి దగ్గర్లోనే.

ఇక్కడితో ఆపేస్తే కథ చాలా బావుంటుంది. కానీ ఇంకో పేజీ ఉంది. 1946లో ప్రకాశం మద్రాసు రాష్ట్రానికి ప్రధాని అయ్యారు. 1947 జనవరిలో ఆయన ప్రభుత్వం ఒక ఆర్డినెన్సు తెచ్చింది. దాని కింద విచారణ లేకుండానే మనుషుల్ని జైల్లో పెట్టొచ్చు. రాష్ట్రమంతా కమ్యూనిస్టుల్ని పట్టుకున్నారు. వాళ్లకి గట్టి పట్టున్న మన కృష్ణా జిల్లా కూడా అందులో ఉంది. రుజువు ఏదీ అని కోర్టులో అడిగిన మనిషే, ఆ ప్రశ్న అడగడానికి కోర్టే లేకుండా చేశారన్నమాట.

ఇది ఆయన్ని తక్కువ చేయడానికి రాయడం లేదు. అంత ధైర్యవంతుడు, అంత నిస్వార్థపరుడు కుర్చీలో కూర్చున్నా అలా జరిగిందంటే, ముద్దాయి హక్కుని పాలకుడి మంచితనానికి వదిలేయకూడదని అర్థం. అందుకే అది రాజ్యాంగంలో ఉండాలి. 1950 నుంచి ఉంది కూడా. 22వ అధికరణం ప్రకారం అరెస్టయినవాడికి కారణం చెప్పాలి, నచ్చిన లాయరుని పెట్టుకోనివ్వాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. అయితే ముందస్తు నిర్బంధం కింద పట్టుకున్నవాళ్లకి ఈ రక్షణలు వర్తించవని కూడా ఆ అధికరణంలోనే రాసుంది. 1947 నాటి నీడ ఇంకా పోలేదు.

ప్రకాశం చివరిదాకా చేతిలో చిల్లిగవ్వ మిగుల్చుకోలేదు. 80 దాటాక కూడా ఊళ్లు తిరుగుతూనే ఉన్నారు. ఒంగోలు దగ్గర ఒక హరిజనవాడకి వెళ్లినప్పుడు వడదెబ్బ తగిలింది. 1957 మే 20న హైదరాబాదులో కన్నుమూశారు. అదే ఏడాది డిసెంబరులో కృష్ణ మీద బ్యారేజీ తెరిచారు.

ఈసారి ఆ బ్యారేజీ దాటేటప్పుడు గుండె చూపించిన మనిషితోపాటు, ఆష్ కేసులో ముద్దాయిల పక్కన నిలబడ్డ బారిస్టరునీ గుర్తుచేసుకోండి. ఆర్డినెన్సు తెచ్చిన ప్రధానినీ మర్చిపోకండి. ముగ్గురూ ఒక్కరే.