లెక్కల మాస్టారి కుందేలు కథ

శుక్రవారం పూట మా క్యాంపు రూములో అందరి పనీ ఒకటే. బట్టలు ఉతుక్కుని, కూర పొయ్యి మీద పడేసి, ఇంటికి ఫోను కొట్టడం. పెద్దవాళ్లతో మాటలు తొందరగానే అయిపోతాయి. పిల్లలే వదలరు, కథ చెప్పమంటారు. రామాయణం అయిపోయింది, చందమామ బేతాళుడూ అయిపోయాడు. అప్పుడు మాలో ఒకరు కూతురి ఇంగ్లీషు పుస్తకంలోని ఆలిస్ కథ పట్టుకొచ్చారు. చేతిలో గడియారం చూసుకుంటూ ఆలస్యమైపోయిందని పరిగెత్తే కుందేలు, దాని వెనకాలే బొరియలో పడిపోయే పిల్ల. డ్యూటీ బస్సు కోసం తెల్లారగట్ల పరిగెత్తే మాకు ఆ కుందేలు బాగా తెలిసినవాడే అనిపించాడు. ఇది రాసినాయన ఎవరా అని ఆరా తీస్తే, కథకన్నా ఆయన జీవితమే మమ్మల్ని ఎక్కువ పట్టుకుంది.

పుస్తకం మీద లూయిస్ కారల్ అని ఉంటుంది గానీ ఆయన అసలు పేరు చార్లెస్ లట్విడ్జ్ డాడ్జ్‌సన్. 1832 జనవరి 27న ఇంగ్లండులోని డేర్స్‌బరీ అనే పల్లెలో పుట్టారు. తండ్రి చర్చి ఫాదరు. ఇంట్లో పదకొండుమంది పిల్లలు, మగపిల్లల్లో ఈయనే పెద్ద. తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఆటలు కనిపెట్టడం, చేతిరాత పత్రికలు తయారుచెయ్యడం అప్పట్నుంచే అలవాటు. ఆక్స్‌ఫర్డులో క్రైస్ట్ చర్చ్ కాలేజీలో చదివి, 1855 నుంచి అక్కడే లెక్కల లెక్చరరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. ఒక చెవి సరిగా వినపడదు, పైగా నత్తి.

కాలేజీ పెద్ద హెన్రీ లిడెల్ గారి ముగ్గురు ఆడపిల్లల్ని 1862 జూలై 4న పడవలో షికారు తీసుకెళ్లారు. తోడు డక్‌వర్త్ అనే స్నేహితుడు. పడవ సాగుతుంటే పిల్లలు కథ అడిగారు. అప్పటికప్పుడు అల్లి చెప్పిందే ఈ కథ. నడిమి పిల్ల ఆలిస్‌కి అప్పుడు పదేళ్లు. తన పేరే కథలో పెట్టేసరికి, ఇది రాసి ఇవ్వమని పట్టుబట్టింది. సరేనన్నారు.

అనడం సులువే, మనమూ అంటాం. వచ్చే సెలవుకి సైకిలు అంటాం, ఈ దసరాకి వచ్చేస్తా అంటాం. ఈయన మాత్రం కూర్చుని రాశారు. రెండేళ్లకి పైనే పట్టింది. ఈలోగా 1863 జూన్‌లో లిడెల్ వాళ్లింటికీ ఆయనకీ రాకపోకలు తెగిపోయాయి. ఆ రోజుల డైరీ పేజీ ఎవరో కోసేశారు. ఆయన పిల్లలకి తీసిన ఫోటోల మీదా ఈ కాలంలో గట్టి వాదనలే నడుస్తున్నాయి, అది దాచాల్సిన సంగతి కాదు. ఏదేమైనా గుమ్మం దూరమైనా నోటుబుక్కు ఆపలేదు. తన చేత్తోనే 37 బొమ్మలు గీసి, 1864 నవంబరు 26న ఆలిస్‌కి పంపించారు.

పిల్లల కథలు రాసే జార్జ్ మెక్‌డొనాల్డ్ ఇంట్లో ఈ రాతప్రతి చదివితే పిల్లలు తెగ మురిసిపోయారట. దాంతో అచ్చుకి సిద్ధపడి, కథని దాదాపు రెట్టింపు చేశారు. పిచ్చి టీ పార్టీ, నవ్వే పిల్లి అప్పుడు చేరినవే. బొమ్మలు జాన్ టెనియల్ వేశారు. 1865లో మాక్‌మిలన్ వాళ్లు రెండు వేల కాపీలు అచ్చేశాక, అచ్చు బాగోలేదని టెనియల్ అన్నారు. ఖర్చంతా డాడ్జ్‌సన్‌దే. అయినా మొత్తం ఆపించి మళ్లీ అచ్చువేయించారు. పోసిన కాంక్రీటుకి క్యూబ్ టెస్టు ఫెయిలయితే పగలగొట్టించడమంటే ఏమిటో మాకు తెలుసు. అదీ కంపెనీ డబ్బు. ఈయనది సొంత జేబు!

అప్పట్లో పిల్లల పుస్తకమంటే చివర బుద్ధులు చెప్పాల్సిందే. ఇందులో అవేవీ లేవు. పూటకో రూలు పెట్టి తలలు తియ్యమనే రాణి, సమాధానం లేని పొడుపుకథ, వీటి మధ్య బెదరకుండా ఇదేం న్యాయమని అడిగే చిన్నపిల్ల. 170కి పైగా భాషల్లోకి వెళ్లిందంటే కారణం ఇదే అనుకుంటాం. అర్థంకాని పెద్దవాళ్ల రూల్సు ఏ దేశం పిల్లలకి లేవు గనక! పరాయి దేశంలో ఆఫీసు కౌంటర్ల ముందు నిలబడే మాకూ లేకపోలేదు.

రెండో భాగం, అద్దం వెనక లోకం కథ, 1871లో వచ్చింది. 1885లో, పెళ్లయి మిసెస్ హార్‌గ్రీవ్స్ అయిన ఆలిస్‌కి ఉత్తరం రాసి, ఆ నోటుబుక్కు అరువు తీసుకుని, మరుసటేడు ఉన్నదున్నట్టు అచ్చువేయించారు. లాభం పిల్లల ఆసుపత్రులకి. 1898 జనవరి 14న గిల్డ్‌ఫర్డులో చెల్లెళ్ల ఇంట్లో న్యుమోనియాతో పోయారు.

ఆలిస్ ఇద్దరు కొడుకులు మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయారు. భర్తా పోయాక, 1928లో ఆవిడ ఆ నోటుబుక్కు వేలానికి పెట్టారు. 15,400 పౌండ్లకి ఒక అమెరికన్ వ్యాపారి కొన్నారు. 1948లో కొందరు అమెరికన్లు చందాలేసుకుని కొని బ్రిటన్‌కి కానుకగా ఇచ్చేశారు. ఇప్పుడది లండన్లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

మా రూములోనూ ఒక పాత సైటు డైరీలో కూతురి కోసం కథ రాయడం మొదలైంది. పదకొండు పేజీలయ్యాయి. బొమ్మల దగ్గరే తంటా, కుందేలు గీస్తే గాడిద వస్తోంది.