ఆరోగ్యవరం డాక్టరుగారు

ఊపిరితిత్తులను ప్లూరా అనే రెండు పలుచని పొరలు కప్పి ఉంటాయని ఇంటర్‌లో చదువుకున్నాను. పరీక్షలో బొమ్మ కూడా గీశాను. ఆ పొరల మధ్య నీరు చేరితే మనిషి ఏమవుతాడో మా నాయనను చూశాకే తెలిసింది. మాది జువ్వలదిన్నె. సముద్రం ఒడ్డున సేద్యం చేసుకునే కుటుంబం. నాయన డొక్కలో పోటు అంటుంటే పట్టేసిందనుకున్నాం. ఆస్పత్రిలో సూదితో లీటరుకు పైగా పసుపుపచ్చని నీరు తీశారు. క్షయ అన్నారు. ఊళ్లో మాత్రం నిమ్ము అని చెప్పుకున్నాం.

ఆ రోజుల్లోనే డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ గారి జీవితం చదివాను. ఆయన డెన్మార్క్ దేశస్థుడు. మిషనరీ వైద్యుడుగా దక్షిణ భారతానికి వచ్చారు. క్షయ క్రిమిని కాక్ 1882లోనే కనిపెట్టినా మందు లేదు. మంచి గాలి, తిండి, విశ్రాంతి, అంతే వైద్యం. అనేక మిషన్లు కలిసి మదనపల్లె దగ్గర శానిటోరియం కట్టాయి. 1915లో మద్రాసు గవర్నరు లార్డ్ పెంట్‌లాండ్ ప్రారంభించారు. అదే ఆరోగ్యవరం. మొదటి సూపరింటెండెంటు మోలర్ గారే.

ఆ కాలంలో పేరుపొందిన చికిత్స ఒకటుంది. ప్లూరా పొరల మధ్యకు సూదితో గాలి ఎక్కించి, జబ్బుపడ్డ ఊపిరితిత్తిని ముడుచుకునేలా చేసి, దానికి విశ్రాంతి ఇచ్చేవారు. ఆ గాలి ఇంకిపోతుంది గనుక మళ్లీ మళ్లీ ఎక్కించాలి. ఇలా ఏళ్ల తరబడి. పొరలు అతుక్కుంటే గాలి చొరదు. కొందరికి నీరు చేరేది, అది చీము పట్టేది. అప్పుడు పదే పదే సూదితో తోడాలి. తప్పకపోతే పక్కటెముకలు కోసి తీసేయాలి. అయినా రోగులు ఓర్చుకున్నారు, వైద్యులు విసుగు చెందలేదు.

1939లో భారత క్షయ నివారణ సంఘం ఏర్పడినప్పుడు ఆయన దానికి వైద్య కమిషనరు అయ్యారు. స్ట్రెప్టోమైసిన్ 1943లో, క్షయకు ఐసోనియాజిడ్ 1952లో వచ్చాయి. తండ్రి బాటలోనే కొడుకు యోహానెస్ గారు మదనపల్లె పల్లెల్లో బి.సి.జి. టీకాపై ఏళ్లపాటు పరిశోధన చేశారు.

ఇక మా ఇంటి సంగతి. రెండు నెలలకే ఆయాసం తగ్గిందని నాయన మాత్రలు మానేశాడు. కోతలు ముంచుకొచ్చాయి, ఆస్పత్రికి ఎవరు పోతారన్నాడు. మేమూ గట్టిగా చెప్పలేదు. ఈసారి చీము పట్టింది. డొక్కలో గొట్టం వేశారు. ఇంటికొచ్చాక ఒక సాయంత్రం గట్టు మీద కూర్చోబెట్టి ఆరోగ్యవరం కథంతా చెప్పాను. మాత్ర అనేదే లేక వాళ్లు ఏళ్లకేళ్లు సూదులు పొడిపించుకున్నారు నాయనా, నీకు ఊరికే ఇస్తుంటే పారేస్తున్నావు అన్నాను. ఆయన ఏమీ అనలేదు. ఆ రాత్రి మాత్రల డబ్బా తనే తెచ్చుకున్నాడు. కోర్సు పూర్తి చేశాడు. పొర మందం కట్టి, బస్తా ఎత్తితే ఇప్పటికీ రొప్పు వస్తుంది. మనిషి మాత్రం దక్కాడు.

హాస్టలు మిత్రులకు కూడా నిమ్మనే చెప్పాను. అది అబద్ధం. నాయనను అడిగే ఈ మాట రాస్తున్నాను. మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు వస్తే దాచకండి, మాత్రలు మధ్యలో మానిపించకండి.