జాబిర్ బిన్ హయ్యాన్: బంగారం, తేజాబు, త్రాసు

పాత సెల్‌ఫోన్లు, కంప్యూటర్ల బోర్డుల నుంచి తేజాబుతో బంగారం తీయవచ్చా అని విజయవాడలో కొందరు యువకులు మమ్మల్ని అడుగుతూ ఉంటారు. ఈ విద్యను కనిపెట్టింది మన జాబిర్ బిన్ హయ్యానే కదా అని గర్వంగా కూడా అంటారు. అందుకే ఈ నెల ఆయన జీవితాన్ని పాఠకుల ముందు ఉంచుతున్నాము.

చరిత్ర కథనాల ప్రకారం జాబిర్ సుమారు 721లో ఖురాసాన్‌లోని తూస్‌లో జన్మించారు. అజ్ద్ తెగకు చెందిన ఆయన తండ్రి హయ్యాన్ కూఫాలో మందుల వర్తకుడు. ఉమయ్యా పాలకులకు వ్యతిరేకంగా అబ్బాసీల పక్షాన పనిచేసినందుకు తండ్రికి మరణశిక్ష పడింది. అలా తండ్రి నీడ కోల్పోయిన జాబిర్ విద్యనే ఆశ్రయించారు. ఇమామ్ జాఫర్ సాదిఖ్ (రహ్మలై) వద్ద శిష్యరికం చేశారని, ఖలీఫా హారూన్ రషీద్ కాలంలో బర్మకీ మంత్రుల ఆదరణ పొందారని చెబుతారు. 803లో బర్మకీల పతనం తర్వాత ఆయన కూఫాలో గడిపి, 815 ప్రాంతంలో కన్నుమూశారట.

ఆయన పేరిట వందలాది గ్రంథాలు ఉన్నాయి. వాటిలో చాలా భాగం తర్వాతి వారు రాసినవని చరిత్రకారులు భావిస్తారు. ఆ గ్రంథాల సారాంశం మీజాన్, అంటే త్రాసు. ప్రతి వస్తువులోనూ ఒక కొలత, ఒక నిష్పత్తి ఉన్నాయని, చేతితో చేసి చూడనిదే విద్య పూర్తి కాదని అవి బోధిస్తాయి. మన కంసాలులు వాడే నవాసాగరానికి కూడా వాటిలో పెద్ద స్థానం ఉంది.

అయితే బంగారాన్ని కరిగించే రాజజలం సంగతి వేరు. దాని తయారీని స్పష్టంగా చెప్పినవి 1300 ప్రాంతంలో యూరప్‌లో గీబర్ పేరుతో వచ్చిన లాటిన్ పుస్తకాలు. గీబర్ అంటే జాబిరే. కానీ వాటిని రాసింది ఆయన కాదు, ఆయన కీర్తిని వాడుకున్న వేరొకరు. నత్రికామ్లంలో నవాసాగరం కలపాలని అందులో ఉంది. తనది కాని ఘనతను జాబిర్‌కు అంటగట్టడం ఆయనకు గౌరవం కాదు. ఆ నవాసాగరాన్ని ఈ విద్యలో ముందుకు తెచ్చిన ఘనత మాత్రం ఆ జాబిర్ గ్రంథాలకు దక్కుతుంది.

నేడు రాజజలాన్ని మూడు పాళ్ల హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఒక పాలు నత్రికామ్లంతో చేస్తారు. నత్రికామ్లం ఒక్కటే బంగారాన్ని కరిగించలేదు. రెండూ కలిస్తేనే అది ద్రావణంలోకి దిగుతుంది. తర్వాత మరో రసాయనం కలిపితే గోధుమరంగు పొడిగా అడుగున చేరుతుంది. ఈ పని వల్ల కొత్త బంగారం పుట్టదు. బోర్డులో ఉన్నదే బయటికి వస్తుంది. ఇత్తడిని బంగారం చేయాలని కీమియాగర్లు శతాబ్దాలు శ్రమించి ఓడిపోయారు. త్రాసు అబద్ధం చెప్పదు.

బంగారంతో పాటు మరికొన్ని కూడా బయటికి వస్తాయి. ఆ పనిలో లేచే ఎర్రటి పొగ ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. పీల్చిన కొన్ని గంటల తర్వాత కూడా ప్రాణం మీదికి తేవచ్చు. మిగిలిన ద్రావణంలో సీసం, రాగి, నికెల్ ఉంటాయి. దానిని కాలువలో పోస్తే ఏమవుతుంది? ప్రకాశం బ్యారేజీ నుంచి సాగే కాలువలే కృష్ణా డెల్టా గ్రామాల మంచినీటి చెరువులను నింపుతాయి. మన ఇంట్లో చేరే చిటికెడు బంగారానికి బందరు దాకా బిడ్డలు వెల చెల్లించాలా?

2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం ఈ పని నమోదైన సంస్థలే చేయాలి. పాత వస్తువులు కొని, విడదీయకుండా అలాంటి వారికి అమ్మడం మంచి వ్యాపారమే.

జాబిర్ పేరు చెప్పుకునేవారు ముందుగా ఆయన త్రాసును చేతపట్టాలి. ఒక తట్టలో మన లాభాన్ని, రెండో తట్టలో పొరుగువారి నీటిని ఉంచి చూడాలి. అల్లాహ్ మనందరికీ హలాల్ సంపాదనను, న్యాయమైన తూకాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.