ఆకులు తిని బ్రదికిన దినములు

మనుష్యుడు తన యౌవనమును సాధారణముగా రెండు విధములుగా తలంచుకొనును. కొందరు ఆ దినములే మేలైనవని వగచుచు కాలము గడుపుదురు. మరికొందరు ఆ దినములను తలంచుటకే సిగ్గుపడి, ఆ తలుపు మూసివేసి తాళము వేయుదురు. ఈ రెంటికిని వేరైన మార్గము ఒకటి కలదు. దేవుని సన్నిధిలో ఆ తలుపు తెరచి, ఉన్నది ఉన్నట్లు చూచి, అచ్చట దొరకినదానిని ఇతరుల మేలుకొరకు వెచ్చించుటయే ఆ మార్గము. పండిత రమాబాయి నడచిన మార్గము అదియే.

1896వ సంవత్సరాంతమున మధ్య పరగణాలలో గొప్ప కరవు కలిగినదను వార్త పూనాకు వచ్చినప్పుడు రమాబాయి వయస్సు 38 సంవత్సరములు. ఆమె నడుపుచున్న శారదా సదనమునందు బాలవితంతువులు ఆశ్రయము పొంది విద్య నేర్చుకొనుచుండిరి. వారి పోషణకు అమెరికాలోని స్నేహితులు 10 సంవత్సరములపాటు సహాయము చేసెదమని మాట ఇచ్చియుండిరి. ఆ గడువు ముగియ వచ్చుచుండెను. అట్టి సమయమున కరవు పనికి పూనుకొనక ఊరకుండినను ఆమెను నిందించువారు ఎవరును లేరు. కాని ఆమెకు ఊరకుండుట సాధ్యము కాలేదు. ఆకలి అనునది ఆమె గ్రంథములలో చదివి తెలిసికొనినది కాదు. అప్పటికి ఇరువది రెండు సంవత్సరముల క్రిందట, మన తిరుపతి కొండ అడవులలో ఆమె దానిని తన శరీరమందు అనుభవించి యెరిగియుండెను.

రమాబాయి 1858 ఏప్రిల్ 23వ తేదీన పడమటి కనుమలలోని గంగామూల అను అరణ్య ప్రదేశమున జన్మించెను. తండ్రియైన అనంత శాస్త్రి డోంగ్రే గొప్ప సంస్కృత పండితుడు. స్త్రీలకు విద్య కూడదని లోకమంతయు చెప్పుచున్న ఆ కాలమున ఆయన తన భార్యయైన లక్ష్మీబాయికి సంస్కృతము నేర్పెను. అందువలన బంధువుల నిందకు గురియై అడవిలో నివాసమేర్పరచుకొనెను. తన యొద్దకు వచ్చిన విద్యార్థులకును, యాత్రికులకును అన్నము పెట్టి పెట్టి ఉన్న ఆస్తి యంతయు వ్యయపరచి, తుదకు కుటుంబముతో తీర్థయాత్రలకు బయలుదేరెను. అప్పటికి రమాబాయి ఆరు నెలల శిశువు. బెత్తముతో అల్లిన పెట్టెలో ఆమెను పెట్టి ఒక మనుష్యుడు తలమీద మోసికొని కొండ దిగెను. ఆ దినము మొదలుకొని ఆమె బాల్యమంతయు బాటలమీదనే గడచెను.

తల్లి తెల్లవారక ముందే లేచి కుమార్తెను ఒడిలో కూర్చుండబెట్టుకొని శ్లోకములు వల్లె వేయించెడిది. రమాబాయి వేలకొలది శ్లోకములు కంఠస్థము చేసెను. ఆ కుటుంబమువారు దేవాలయములలోను, నదీ తీరములందును పురాణములు చదువగా, వినవచ్చినవారు ధాన్యమును, పండ్లను, నాణెములను సమర్పించెడివారు. చేతికి వచ్చినదానిలో తమకు కావలసినంత ఉంచుకొని, మిగిలినది బ్రాహ్మణులకు దానము చేయుచుండిరి. పిల్లలకు చేతిపని యేదియు నేర్పలేదు. కూలిపని చేయుట తమ కులమునకు తగదని ఎంచిరి. ఇంగ్లీషు విద్యవలన ఆచారము చెడునని భయపడి దానిని దరిచేరనీయలేదు.

అంతలో కరవు వచ్చెను. చేతిలోని ధనము దేవతల అనుగ్రహముకొరకై దానములకు వెచ్చింపబడెను. తరువాత నగలు, మంచి వస్త్రములు, ఇత్తడి పాత్రలు అమ్ముడుపోయెను. తిరుపతిలో ఉన్నప్పుడు కడపటి బియ్యపు గింజయు అయిపోయెను. ఎరిగినవారి యెదుట దరిద్రులుగా కనబడుటకంటె అడవిలో చనిపోవుట మేలని తలంచి, ఆ రాత్రియే వారు ఐదుగురును మహారణ్యములో ప్రవేశించిరి. తండ్రి, తల్లి, అక్క, అన్న, పదునారేండ్ల రమాబాయి. పదునొకండు దినములు నీళ్లు, ఆకులు, గుప్పెడు అడవి ఈతపండ్లు తిని ప్రాణములు నిలుపుకొనిరి.

వృద్ధుడును అంధుడునైన తండ్రికి ఇక ఓర్చుకొనుటకు శక్తి లేకపోయెను. సమీపమందున్న పుణ్య తటాకములో మునిగి ప్రాణము విడువ నిశ్చయించుకొనెను. ఒక్కొక్కరికి వీడ్కోలు చెప్పుచు, కడగొట్టు బిడ్డయైన రమాబాయిని కౌగిలించుకొని, ఎల్లప్పుడు గౌరవముగా జీవించి దేవుని సేవింపుమని దీవించెను. ఆ సమయమున అన్నయైన శ్రీనివాసుడు తండ్రికి అడ్డుపడి, కులాభిమానమును గాలికి విడిచి కూలిపని చేసియైనను తల్లిదండ్రులను పోషించెదనని చెప్పెను. ఆ మాటకు తల్లి సంతోషించెను, తండ్రి తన నిశ్చయమును మానుకొనెను. కాని ఆ మాట ఆలస్యముగా వచ్చెను. వారు అడవి విడిచి ఒక గ్రామము చేరి, పాడుపడిన గుడిలో తలదాచుకొనిరి. అడవి విడిచిన దినముననే తండ్రికి సోకిన జ్వరము ఆయన ప్రాణము తీసెను. అది 1874వ సంవత్సరము.

కొన్ని వారములకు తల్లియు మంచము పట్టెను. ఆమె రొట్టెముక్క కోరగా రమాబాయి పొరుగింటికి వెళ్లెను. అడుగుటకు నోరు రాక, కన్నీరు కార్చుచు నిలువబడెను. ఆ యింటి యిల్లాలు సజ్జరొట్టె ఇచ్చెను గాని, అది తినుటకు తల్లికి శక్తి చాలలేదు. తల్లి చనిపోయిన తరువాత శవమును మోయుటకు వలసినంతమంది దొరకలేదు. ఇద్దరు బ్రాహ్మణులు కనికరించి వచ్చిరి. మూడవవాడు అన్న, నాలుగవది రమాబాయి. ఆమె పొట్టిది గనుక పాడె కొనను భుజముమీద గాక తలమీద పెట్టుకొని మోసెను. కొన్ని నెలలకు అక్కయు మరణించెను.

మిగిలిన అన్నాచెల్లెండ్రు ఉత్తర హిందూదేశమంతయు కాలినడకను తిరిగిరి. జీలం నదీ తీరమున చలికి తాళలేక, సమాధులవంటి గుంటలు త్రవ్వుకొని ఇసుకతో దేహములు కప్పుకొని నిదురించిరి. శాస్త్రములు చెప్పిన వ్రతములన్నియు చేసిరి గాని హృదయమునకు నెమ్మది దొరకలేదు. 1878లో కలకత్తా చేరినప్పుడు ఆమె పాండిత్యమును పరీక్షించిన విద్వాంసులు ఆశ్చర్యపడి, పండిత యనియు సరస్వతి యనియు బిరుదులిచ్చి గౌరవించిరి. 1880లో అన్న చనిపోయెను. అదే సంవత్సరము ఆమె బంగాళీయుడైన విపిన బిహారీ మేధావి అను న్యాయవాదిని కులభేదము పాటింపక వివాహమాడెను. 1881లో మనోరమ అను కుమార్తె పుట్టెను. 1882లో భర్త కలరా వ్యాధిచే గతించెను. ఇరువది నాలుగు సంవత్సరములైనను నిండకమునుపే రమాబాయి చంటిబిడ్డతో విధవ యాయెను.

తరువాత ఆమె పూనా వచ్చి స్త్రీల విద్యకొరకు పాటుపడెను. 1883లో ఇంగ్లండు వెళ్లి, సెప్టెంబరు 29వ తేదీన వాంటేజ్ అను ఊరిలో కుమార్తెతో కూడ బాప్తిస్మము పొందెను. 1886లో అమెరికా వెళ్లి అచ్చటి స్నేహితుల సహాయము సంపాదించి, 1889లో బొంబాయిలో శారదా సదనమును స్థాపించెను. మరుసటి సంవత్సరము అది పూనాకు మార్చబడెను.

బాప్తిస్మము పొందిన యెనిమిది సంవత్సరములకు ఆమె తన నిర్ణయమును తానే మరల పరీక్షించుకొనెను. విలియం హాస్లం అను ఆంగ్ల బోధకుడు వ్రాసిన తన జీవిత వృత్తాంతము ఆమె చేతికి వచ్చెను. ఆయన బోధకుడైన చాల కాలమునకు గాని రక్షణానుభవము పొందలేదు. అది చదివి ఆమె ఆలోచనలో పడెను. తాను క్రైస్తవ మతమును కనుగొనెను గాని, ఆ మతమునకు జీవమైన క్రీస్తును ఇంకను కనుగొనలేదని గ్రహించెను. దేశమంతట పేరుపొందిన పండితురాలు, ఎందరికో మార్గము చూపుచున్న స్త్రీ, తన పునాదిలో కొరత కలదని తనయెదుట తాను ఒప్పుకొనుట సులభమైన పని కాదు. ఆమె వేసిన అడుగును వెనుకకు తీసికొనలేదు. అసంపూర్తిగా నిలిచిన అడుగును పూర్తిచేసెను. తన్ను తాను సంపూర్ణముగా రక్షకునికి అప్పగించుకొని, తీర్థములన్నిట వెదకినను దొరకని నెమ్మదిని పొందెను.

ఈ అనుభవముతోనే ఆమె 1896లో కరవు వార్త వినెను. తిరుపతి అడవిలోని పదునొకండు దినములు ఆమె కన్నులయెదుట నిలిచెను. అప్పుడు ఆమెయు ఒక కన్యక. ఆకలిగొనిన కన్యకకు ఎట్టి అపాయములు పొంచియుండునో ఆమె బాగుగ ఎరుగును. ఆలస్యము చేయక మధ్య పరగణాలకు వెళ్లి, దాదాపు 300 మంది బాలికలను, వితంతువులను రక్షించి తెచ్చుటకు పూనుకొనెను. పూనాలో ప్లేగు వ్యాధి ప్రబలియుండగా వారిని కేడ్గావ్ అను గ్రామమున తాను కొనియుంచిన పొలమునకు చేర్చెను. మొదట డేరాలు, పాకలు తప్ప మరేమియు లేని ఆ పొలమే ముక్తి సదనమాయెను. 1900 కరవులో గుజరాతునుండియు బాలికలు రాగా అచ్చటివారి సంఖ్య వెయ్యికి మించెను.

ముక్తిలో ఆమె ఏర్పరచిన క్రమమును గమనించినయెడల, ఆమె తన యౌవనమును ఎంత శ్రద్ధగా పరిశీలించెనో తెలియగలదు. తన కుటుంబము చేతిపనిని హీనముగా ఎంచినందున ఆకలికి లొంగెను. ముక్తిలో ప్రతి బాలికయు చదువుతోపాటు నేత, కుట్టు, వ్యవసాయము, పాడి, ముద్రణ మొదలగు పనులలో ఏదో యొకటి నేర్చుకొనెను. తన తండ్రి రేపటిని గూర్చి తలంచక ఉన్నదంతయు ఇచ్చివేసెను; ఆమె బావులు త్రవ్వించి, పండ్లతోటలు నాటించి, దాతల సొమ్ము ఆగిపోయినను బిడ్డలు పస్తులుండకుండ జాగ్రత్తపడెను. అయినను తల్లిదండ్రులను ఆమె తృణీకరింపలేదు. వారి పొరపాట్లను దాచక చెప్పిన ఆమెయే, స్త్రీకి విద్య నేర్పిన తండ్రి ధైర్యమును, తెల్లవారక ముందే మేలుకొని పాఠము చెప్పిన తల్లి ప్రేమను కృతజ్ఞతతో జ్ఞాపకము చేసికొనెను. విమర్శయు కృతజ్ఞతయు ఒకే హృదయములో నివసింపగలవని ఆమె జీవితము చూపుచున్నది.

1907లో ఆమె ఈ సంగతులన్నియు సాక్ష్యముగా వ్రాసెను. అప్పటికే బైబిలును మూల భాషలైన హెబ్రీ, గ్రీకులనుండి సామాన్య స్త్రీలకు బోధపడు మరాఠీలోనికి మార్చు పని ఆరంభించియుండెను. తల్లి ఒడిలో భాషాభ్యాసము చేసిన ఆ బుద్ధియే ఈ సేవకు ఉపయోగపడెను. ముక్తి స్త్రీలే అక్షరములు కూర్చి దానిని ముద్రించిరి. 1921 జూలైలో, తన తరువాత పని వహించునని ఆశించిన మనోరమ మరణించెను. ఆ దుఃఖములోను ఆమె అనువాదము విడువక ముగించి, 1922 ఏప్రిల్ 5వ తేదీన ప్రభువునందు నిద్రించెను. ముక్తి సదనము నేటికిని పనిచేయుచున్నది.

ప్రియ చదువరులారా, ఐగుప్తులో పరదేశులై యుండిన సంగతి మరువక, తమ మధ్యనున్న పరదేశిని ప్రేమింపవలెనని దేవుడు ఇశ్రాయేలీయులకు ఆజ్ఞాపించెను. జ్ఞాపకశక్తిని ఆయన మనకు ఇచ్చినది కేవలము వగచుటకు కాదు. మన యౌవనములో మనము చేసిన ఎన్నికలు కొన్ని తప్పు కావచ్చును, కొన్ని సగము మాత్రమే సరియైనవి కావచ్చును, కొన్ని మన పెద్దలు మనకొరకు చేసినవి కావచ్చును. వాటిని మార్చుట మన చేతిలో లేదు. అయితే మనము ఆకలిగొనిన చోట నేడు మరియొకరు ఆకలిగొనియున్నారు. మనకు ఆలస్యముగా తెలిసిన సత్యము వారికి వేళకు తెలుపుట మన చేతిలోనే యున్నది. ఈ నూతన సంవత్సరమున మనము వెనుకకు చూచునప్పుడు, ఆ ముఖము ఎవరిదో చూపుమని ప్రభువును వేడుకొందము గాక.