తలుపులు మూసిన దేశంలో మందులు కనిపెట్టిన మనవాడు

మీ ఇంట్లో మందుల డబ్బా ఒకసారి తెరిచి చూడండి. కడుపుతో ఉన్న కోడలికి పీహెచ్‌సీలో ఇచ్చిన ఎర్ర మాత్రలు కనిపిస్తాయి. కీళ్లవాతంతో బాధపడే అత్తగారికి వారానికి ఒక్కసారే వేసుకోమని రాసిచ్చిన మెథోట్రెక్సేట్ ఉండొచ్చు. వానలప్పుడు పొలానికి వెళ్లొచ్చి జ్వరం పడ్డ పెద్దాయనకు ఇచ్చిన డాక్సీసైక్లిన్ చీటీ కూడా ఉండొచ్చు. మూడు జబ్బులు వేరు, మూడు మందులు వేరు. కానీ వాటి పుట్టుక వెతుక్కుంటూ పోతే మూడు దారులూ ఒక తెలుగువాడి దగ్గరే కలుస్తాయి. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

పేరు మీరు వినే ఉంటారు. ఆయన ఎలాంటి రోజుల్లో, ఎలాంటి అమెరికాలో అడుగుపెట్టారో మాత్రం చాలామందికి తెలియదు. ఇప్పుడు మన కర్నూలు, కడపల్లో వీధికో ఇంటి నుంచి పిల్లలు అమెరికా వెళ్తున్నారు. వీసా గురించి టీవీలో వార్త వస్తే చాలు, ఇక్కడ అమ్మానాన్నలకు బీపీ పెరుగుతోంది. అందుకే ఆ కథ ఈసారి మీకు చెప్పాలనిపించింది.

ఇద్దరు అన్నదమ్ముల చావు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చదువు మొదట్లో సాఫీగా సాగలేదు. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదువుతూ సన్యాసం వైపు మొగ్గారు. చివరికి జనానికి సేవ చేసే మార్గంగా వైద్యాన్ని ఎంచుకుని మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీజీ పిలుపు విని ఖద్దరుతో కుట్టించిన సర్జికల్ గౌను వేసుకుంటే తెల్లదొర ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. దాని ఫలితంగా ఎంబీబీఎస్‌కు బదులు ఎల్.ఎం.ఎస్. అనే తక్కువ స్థాయి పట్టా చేతికొచ్చింది. కొన్నాళ్లు మద్రాసులోని ఆయుర్వేద కాలేజీలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు.

ఆ రోజుల్లోనే ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో కొద్దిరోజుల తేడాలో చనిపోయారు. స్ప్రూ అంటే పేగులు ఆహారాన్ని పీల్చుకోలేకపోవడం. విరేచనాలు ఆగవు, నోరు పూస్తుంది, రక్తం తగ్గిపోతుంది, మనిషి కళ్లముందే ఎండిపోతాడు. అప్పట్లో దానికి సరైన మందు లేదు. డాక్టరై ఉండి కూడా సొంత అన్నదమ్ముల్ని కాపాడుకోలేకపోయిన బాధ ఆయన్ను వదల్లేదు. ఉష్ణదేశాల జబ్బుల గురించి చదవడానికి అమెరికాలోని హార్వర్డ్‌కు వెళ్లాలని నిశ్చయించుకున్నారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ చారిటీస్ సాయం చేసింది. మామగారు కూడా ఆదుకున్నారు. భార్య శేషగిరి గర్భిణిగా ఉండగానే ఓడెక్కారు. 1923 అక్టోబర్ 26న బోస్టన్ చేరారు.

ఆనాటి అమెరికా

అప్పటికి మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి అయిదేళ్లయింది. అమెరికా ఆ యుద్ధంలో దిగింది 1917 ఏప్రిల్‌లో. దానికి రెండు నెలల ముందే ఒక చట్టం వచ్చింది. భారతదేశంతో సహా ఆసియాలోని చాలా ప్రాంతాల ప్రజలు వలస రాకుండా అది గీత గీసింది. అధ్యక్షుడు విల్సన్ వద్దన్నా పార్లమెంటు పట్టుబట్టి దాన్ని నెగ్గించింది. చదువుకోవడానికి వచ్చేవారికి మినహాయింపు ఉంది కాబట్టే సుబ్బారావు లోపలికి రాగలిగారు.

యుద్ధం చివర్లో ఫ్లూ మహమ్మారి విరుచుకుపడింది. 1918 ఆగస్టు చివర్లో అమెరికాలో ఆ భయంకరమైన రెండో దఫా మొదట బయటపడిన చోట్లలో బోస్టన్ ఓడరేవు ఒకటి. ఆ దేశంలో దాదాపు ఆరు లక్షల డెబ్బయి అయిదు వేల మంది చనిపోయారని అంచనా. మన దేశంలో అయితే కోటికి పైగానే పోయారు.

యుద్ధం, అంటువ్యాధి ఒకేసారి వచ్చిపోయిన సమాజం ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. 2020లో మన పల్లెల్లోనే బయటివాళ్లు రాకుండా దారులకు ముళ్లకంపలు అడ్డంగా వేసిన రోజులు గుర్తున్నాయి కదా. భయపడిన మనిషికి ముందు కనిపించేది పరాయివాడే. అమెరికాలోనూ అదే జరిగింది. భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ యువకుడు 1918లో అమెరికా సైన్యంలో చేరి ఆ దేశం యూనిఫాం వేసుకున్నాడు. అయినా 1923 ఫిబ్రవరిలో ఆ దేశపు సుప్రీంకోర్టు అతను చట్టం చెప్పే తెల్లజాతికి చెందడని, పౌరసత్వానికి తగడని తీర్పిచ్చింది. అప్పటికే పౌరులైన కొందరు భారతీయుల నుంచి కూడా పౌరసత్వం వెనక్కి తీసుకున్నారు. ఆ తీర్పు వచ్చిన ఎనిమిది నెలలకు సుబ్బారావు బోస్టన్‌లో దిగారు. ఆయన వచ్చిన మరో ఏడు నెలలకు, 1924 మేలో, ఇంకో చట్టం వచ్చి ఆ తలుపును పూర్తిగా బిగించేసింది.

రాత్రి బెడ్‌పాన్లు, పగలు చదువు

మద్రాసు పట్టాకు అక్కడ విలువ కట్టలేదు. డాక్టరుగా ఉద్యోగం రాలేదు. పొట్ట గడవడానికి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆస్పత్రిలో రాత్రి పూట పోర్టరుగా చేరారు. రోగుల బెడ్‌పాన్లు, మూత్రపాత్రలు కడిగే పని. మన పెద్దాసుపత్రుల్లో ఆ పని చేసేవాళ్లను చూస్తుంటాం, వాళ్ల పేరు కూడా అడగం. ఒక డాక్టరు ఆ పని చేసి, తెల్లారాక క్లాసుకు వెళ్లేవారు.

ఆయనకు అండగా నిలిచినవారు ఉష్ణదేశాల వ్యాధుల ప్రొఫెసర్ రిచర్డ్ స్ట్రాంగ్. ఈయన గురించి ఒక మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది. యుద్ధకాలంలో, 1915లో, సెర్బియా దేశంలో టైఫస్ జ్వరం లక్షమందికి పైగా ప్రాణాలు తీసింది. దాన్ని అదుపు చేయడానికి వెళ్లిన అమెరికన్ రెడ్‌క్రాస్ బృందానికి స్ట్రాంగే నాయకుడు. అప్పుడు టైఫస్‌కు మందు లేదు. బట్టలు ఉడకబెట్టడం, ఒంటిమీద పేలు పోగొట్టడం, అంతే ఆయన చేతిలో ఉన్న ఆయుధాలు.

1924లో డిప్లొమా అందుకున్నాక సుబ్బారావు హార్వర్డ్ జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్క్ దగ్గర చేరారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రచురించారు. ఫిస్క్-సుబ్బారావ్ పద్ధతి అని వైద్య విద్యార్థులు ఇప్పటికీ చదువుకుంటారు. 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనిపెట్టారు. మీ ఇంట్లో షుగరు ఉన్నవారికి మేము రాసే క్రియాటినిన్ పరీక్ష ఉంది కదా, ఆ క్రియాటినిన్ ఈ పదార్థాలు విరిగితేనే పుడుతుంది. ఆ తర్వాత కణానికి ఇంధనంలాంటి ఏటీపీని గుర్తించారు. అదే సమయంలో జర్మనీలో లోమన్ కూడా విడిగా దాన్ని కనుక్కున్నారు.

ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. ఇక్కడ ఇల్లు కూడా కూలిపోయింది. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడనే లేదు. భార్యను మళ్లీ కలవలేదు. దేశానికి తిరిగి రానే లేదు. ఆయన గొప్పతనం చెప్పేటప్పుడు శేషగిరి గారు చెల్లించిన మూల్యాన్ని మనం దాటేస్తుంటాం. అది న్యాయం కాదు.

అన్నదమ్ముల బాకీ

1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీకి మారారు. అక్కడ పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. తన అన్నదమ్ముల్ని తీసుకెళ్లిన జబ్బుకు సంబంధించిన చిక్కుముడి అక్కడే విడింది.

దాని మొదటి కొస బొంబాయిలో ఉంది. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ అక్కడి పేద గర్భిణుల్లో కనిపించే ఒక రకం రక్తహీనత ఈస్ట్ సారంతో తగ్గుతోందని 1931లో తేల్చారు. ఈస్ట్‌లో ఉన్నదేమిటో తెలియదు. 1945లో సుబ్బారావు బృందం ఆ పదార్థాన్ని లాబ్‌లో తయారు చేసింది. అదే ఫోలిక్ యాసిడ్. స్ప్రూ రోగులకు ఇచ్చి చూస్తే రక్తం పుంజుకుంది, ఆకలి తిరిగొచ్చింది. అన్నదమ్ములు పోయిన పాతికేళ్లకు మందు దొరికింది.

ఫోలిక్ యాసిడ్ కణాలు పెరగడానికి కావాలి. మరి దాన్ని అడ్డుకుంటే? అదుపు తప్పి పెరిగే కణాలు ఆగాలి కదా. ఈ ఆలోచనతో బోస్టన్ పిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బర్, లెడర్లీ తయారుచేసిన అమినోప్టెరిన్‌ను రక్తక్యాన్సర్ పిల్లలకు ఇచ్చారు. 16 మందిలో 10 మందికి కొంతకాలం జబ్బు వెనక్కి తగ్గింది. 1948లో ఆ ఫలితం ప్రచురించారు. అంతవరకూ ఆ జబ్బుకు మందు అనేదే లేదు. ఈనాటి మెథోట్రెక్సేట్ ఆ కుటుంబానిదే. బోదకాలు నివారణకు ఇచ్చే డీఈసీ మాత్ర 1947లో వచ్చింది. అదీ ఆయన బృందం ఇచ్చిందే.

ఇక 1948లో బెంజమిన్ డగ్గర్ అనే డెబ్బయ్యేళ్లు దాటిన శాస్త్రవేత్త ఆయన విభాగంలోనే పనిచేస్తూ, మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిది అదే. ఇప్పుడు స్ట్రాంగ్ గారిని గుర్తు తెచ్చుకోండి. సెర్బియాలో ఆయన మందు లేకుండా పోరాడిన టైఫస్‌కు ఈ మందుల కుటుంబమే విరుగుడు. మన దగ్గర వానల తర్వాత వచ్చే స్క్రబ్ టైఫస్ జబ్బు వేరు, చిన్న పురుగు కుట్టడం వల్ల వస్తుంది. దానికీ మేము వాడేది ఈ కుటుంబంలోని డాక్సీసైక్లినే. గురువు, శిష్యుడు ఇద్దరూ ఆ 1948లోనే కన్నుమూశారు.

భారతీయులు పౌరసత్వం పొందవచ్చని అమెరికా చట్టం మార్చింది 1946లో. వలసకు ఏడాదికి నూరుమందిని మాత్రమే అనుమతించింది. సుబ్బారావు చివరిదాకా అమెరికా పౌరుడు కాలేదు. 1948 ఆగస్టు 8 రాత్రి నిద్రలోనే గుండె ఆగిపోయింది. వయసు 53. తలుపు మూసిన దేశంలో పాతికేళ్లు ఉన్నారు. ఆ దేశపు పిల్లలకూ, మన పిల్లలకూ ఒకే మందు మిగిల్చి వెళ్లారు. రోగి ఏ జాతివాడని ఏ మాత్రా అడగదు. వార్డుల్లో పనిచేసే మాలాంటివాళ్లకు ఆయన జీవితం నేర్పే పాఠం ఇదే.

ఆయన ఇచ్చిన మందులు, మన జాగ్రత్తలు

* గర్భిణులకు ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. నాలుగో నెల నుంచి కనీసం 180 రోజులు మానకుండా వేసుకోవాలి. మలం నల్లగా వస్తే భయపడొద్దు, అది ఐరన్ రంగే. టీ, కాఫీలతో కలిపి వేసుకోవద్దు.

* బిడ్డ వెన్నుపాము గర్భం నిలిచిన మొదటి నెలలోనే ఏర్పడుతుంది. కాబట్టి పిల్లల కోసం అనుకున్నప్పుడే డాక్టరును అడిగి ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టాలి. తోటకూర, పాలకూరలతో పాటు మన నేలలో పండే శనగలు, వేరుశనగల్లోనూ ఇది బాగా ఉంటుంది.

* కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే. రోజూ వేసుకుంటే నోరు పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఏ వారం వేసుకోవాలో చీటీ మీద పెద్ద అక్షరాలతో రాయించుకోండి. ఫోలిక్ యాసిడ్ ఏ రోజు వేసుకోవాలో కూడా అప్పుడే అడగండి. పిల్లల కోసం ప్రయత్నించేవారు, గర్భిణులు దీన్ని వాడకూడదు.

* వానాకాలం తర్వాత అయిదు రోజులకు మించి జ్వరం ఉంటే ఒంటిమీద, ముఖ్యంగా చంకలు, గజ్జలు, నడుము దగ్గర నల్లటి చెక్కు కట్టిన చిన్న మచ్చ ఉందేమో చూడండి. స్క్రబ్ టైఫస్ గుర్తు అది. మచ్చ లేకపోయినా ఆ జబ్బు ఉండొచ్చు. మెడికల్ షాపులో అడిగి మాత్రలు తెచ్చుకోవద్దు, వెంటనే ఆస్పత్రికి రండి. సరైన మందు పడితే సాధారణంగా రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. ఆలస్యం చేస్తే ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతింటాయి.