పిచికారీ కుదరని ఇంజిను

డీజిల్ అంటే బంకులో పోసే నూనె పేరే అనుకునేవాళ్లు మన మెకానికల్ బ్రాంచిలోనూ ఉన్నారు. నిజానికి అది ఒక మనిషి ఇంటిపేరు. కడియపులంకలో మొక్కల లోడు ఎత్తుకుని హైవే ఎక్కే ప్రతి లారీ ఆ పేరు మీదే నడుస్తోంది. రుడాల్ఫ్ డీజిల్‌ని అందరూ ఇంజిను కనిపెట్టినవాడిగా గుర్తుపెట్టుకుంటారు గానీ, ఆయన్ని నిద్రపోనివ్వనిది మాత్రం నూనెను సిలిండర్లోకి చిమ్మే చిన్న భాగం. నర్సరీలో మందు కొట్టేవాళ్లకి ఈ బాధ చెప్పక్కర్లేదు. స్ప్రేయర్ నాజిల్లో ఇసుక రేణువు ఒకటి ఇరుక్కుంటే చాలు, పొగమంచులా రావాల్సిన మందు ధారగా కారిపోతుంది.

1858 మార్చి 18న ప్యారిస్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు జర్మన్లు, తండ్రిది తోలు సామాన్లు చేసే చిన్న వ్యాపారం. 1870లో ఫ్రాన్స్, ప్రష్యా యుద్ధం రాగానే జర్మన్లు ఊరు విడిచిపోవాల్సి వచ్చింది. కుటుంబం లండన్ చేరింది. పన్నెండేళ్ల పిల్లాణ్ణి మాత్రం ఆగ్స్‌బర్గ్‌లో లెక్కలు చెప్పే బాబాయి వరస ఆయన ఇంటికి పంపేశారు. అక్కడే చదువు పట్టుబడింది. తర్వాత మ్యూనిక్ పాలిటెక్నిక్. అక్కడి ప్రొఫెసర్ కార్ల్ లిండే, అంటే ఐసు మిషన్ల లిండే. ఆవిరి యంత్రం బొగ్గులో ఉన్న వేడిలో పదో వంతు కూడా పనిలోకి తేలేదని ఆయన పాఠంలో విన్నాక ఈ కుర్రాడికి అదే ధ్యాస. టైఫాయిడ్ వచ్చి పరీక్ష తప్పినా, 1880లో మంచి మార్కులతో బయటపడి, లిండే తరఫున ప్యారిస్‌లో ఐసు ఫ్యాక్టరీ పని చూసుకుంటూ, సొంత ఇంజిను గీతలు గీస్తూ గడిపాడు. సప్లీలు రాసేవాళ్లకి ఇదొక ఊరట!

ఆలోచన వినడానికి తేలికే. గాలిని ఒక్కదాన్నే సిలిండర్లో గట్టిగా నొక్కితే అది మండేంత వేడెక్కుతుంది. సరిగ్గా అప్పుడు నూనె చిమ్మితే స్పార్క్ అక్కర్లేకుండా అంటుకుంటుంది. 1893లో పేటెంట్ వచ్చింది. ఆగ్స్‌బర్గ్ యంత్రాల ఫ్యాక్టరీ చోటిచ్చింది, క్రప్ కంపెనీ డబ్బు పెట్టింది. ఆ ఆగస్టు 10న మొదటిసారి నూనె చిమ్మగానే ఒత్తిడి కొలిచే పరికరం పేలిపోయి ముక్కలు ఎగిరాయి. డీజిల్ మాత్రం సంతోషించాడు, కనీసం అంటుకుంది కదా అని. 1894 ఫిబ్రవరి 17న ఇంజిను తనంతట తాను ఒక నిమిషం తిరిగింది. సరిగ్గా మూడేళ్లకి, 1897 ఫిబ్రవరి 17న ప్రొఫెసర్ ష్రోటర్ జరిపిన పరీక్షలో 26.2 శాతం వేడి పనిగా మారిందని తేలింది. ఆ రోజుల్లో ఇంకే ఇంజినూ దాని దరిదాపుల్లో లేదు.

చిక్కంతా చిమ్మడం దగ్గరే. పంపుతో నేరుగా కొట్టాలని మొదట చూశాడు. అంత ఒత్తిడికి ఆగే పంపు, అంత సన్నని పనితనం అప్పటి లేత్‌ల మీద కుదరలేదు. అందుకని నూనెని విపరీతమైన ఒత్తిడి గాలితో ఊదే పద్ధతికి మారాడు. దానికో కంప్రెసర్ కావాలి. ఆ కంప్రెసర్ బరువు వల్లే ఆయన బతికుండగా డీజిల్ ఇంజిను ఫ్యాక్టరీల్లో, ఓడల్లో తిరిగింది గానీ లారీ ఎక్కలేదు.

1898లో కెంప్టెన్ ఊళ్లో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి 60 హార్స్‌పవర్ ఇంజిను అమ్మారు. కొనుక్కున్నవాడి దగ్గర పని మొదలుపెట్టిన తొలి డీజిల్ ఇంజిను అదే. ల్యాబ్‌లో బుద్ధిగా తిరిగినది అక్కడ మొరాయించింది. ఒక రోజు స్ప్రే, ఒక రోజు కంప్రెసర్, మరో రోజు వాల్వులు. ఆగ్స్‌బర్గ్‌లో ప్రత్యేకంగా పెట్టిన డీజిల్ ఇంజిన్ల కంపెనీ ఇంకా ఘోరం. అమ్మినవి తిరిగొచ్చాయి, కొన్నవాళ్లు డబ్బు వాపసు అడిగారు, కొద్దికాలానికే తయారీ ఆగింది. లైసెన్సు కొన్నవాళ్ల వాదన ఒకటే, పూర్తికాని సరుకు అమ్మావని. డీజిల్ వాదన కూడా ఒకటే, సిద్ధాంతం సరైందే, మీ తయారీలోనే లోపమని. నా మటుకు కొన్నవాళ్ల వైపే న్యాయం ఉందనిపిస్తుంది. పరీక్షలో ఒక్క ఇంజిను నెగ్గడం వేరు, వంద మంది చేతుల్లో వంద ఇంజిన్లు నడవడం వేరు.

ఈ తగాదా ఇవాళ్టికీ తీరలేదు. ఎండాకాలం మొక్కల లోడుతో ఉన్న లారీ ఒక సిలిండర్ కొట్టుకుంటూ, నల్లపొగ వదులుతూ ఆగిపోయిందనుకోండి. మెకానిక్ ముందు ఫిల్టర్ విప్పి నీళ్లున్నాయా అని చూస్తాడు. తర్వాత ఒక్కో ఇంజెక్టర్ రిటర్న్ పైపుకి ఒక్కో చిన్న సీసా తగిలించి ఇంజినుని ఐడిల్లో ఉంచుతాడు. మిగతావాటికంటే ఏ సీసా త్వరగా నిండితే ఆ ఇంజెక్టర్ లోపల లీకవుతున్నట్టు. అప్పటికీ అనుమానముంటే రెండో నంబరుది మూడో దాంట్లో పెట్టి చూస్తాడు. జబ్బు దాంతోపాటు కదిలితే తప్పు ఇంజెక్టర్‌ది. కదలకపోతే వైరింగో, వాల్వో, కంప్రెషనో చూడాలి. కొత్తది వేసేటప్పుడు కింద రాగి వాషర్ కొత్తదే వెయ్యాలి, కామన్ రైల్ బండి అయితే చాలావాటిలో ఇంజెక్టర్ మీదున్న కోడ్‌ని ఈసీఎంలో ఎక్కించాలి. ఇక వారంటీ. పార్టు లోపమైతే కంపెనీ ఇస్తుంది, డీజిల్లో నీళ్లూ మురికీ వల్ల పోయిందంటే ఓనరు నెత్తినే. అది తేలేలోపు వెనకాల మొక్కలు వాడిపోతుంటాయి. 1898లో కెంప్టెన్‌లో లేనిదల్లా ఆ సీసాలు!

ఆ ఏడాదే డీజిల్ ఆరోగ్యం కూలిపోయింది. తలనొప్పులు, నిద్రలేమి. శానిటోరియంలో చేరాడు. విచిత్రమేంటంటే కాగితం మీద లక్షాధికారి అయిందీ అప్పుడే. పేటెంట్లన్నీ 35 లక్షల మార్కులకి ఒక కంపెనీకి రాసిచ్చాడు, అందులో చాలావరకు షేర్ల రూపంలోనే. మ్యూనిక్‌లో పెద్ద మేడ కట్టాడు. స్థలాల మీదా, చమురు బావుల మీదా డబ్బు పెట్టి పోగొట్టుకున్నాడు. 1900 ప్యారిస్ ప్రదర్శనలో ఆయన ఇంజినుకి గ్రాండ్ ప్రీ వచ్చింది, అక్కడ ఒక ఇంజినుని వేరుశనగ నూనెతో నడిపి చూపించారు కూడా. 1903లో శ్రామికులే యజమానులయ్యే సమాజం గురించి ఒక పుస్తకం రాశాడు. అచ్చయిన వేల కాపీల్లో కొన్ని వందలే అమ్ముడుపోయాయి. ఈలోగా ఆగ్స్‌బర్గ్‌లో లౌస్టర్ లాంటి ఇంజినీర్లు ఓపిగ్గా ఇంజినుని దారికి తెచ్చారు. 1912లో సెలాండియా అనే డెన్మార్క్ ఓడ డీజిల్ ఇంజిన్లతో సముద్రాలు దాటింది.

1913 సెప్టెంబర్ 29 సాయంత్రం ఆంట్‌వెర్ప్‌లో డ్రెస్డెన్ అనే స్టీమరు ఎక్కాడు, ఇంగ్లండ్ వెళ్లడానికి. రాత్రి భోంచేసి గదికి వెళ్లాడు. తెల్లారి చూస్తే పక్క నలగలేదు, మనిషి లేడు. కొన్ని రోజులకి ఒక డచ్ పడవ వాళ్లకి సముద్రంలో శవం కనిపించింది. జేబులో వస్తువులు తీసుకుని శవాన్ని నీళ్లకే వదిలేశారు. ఆ వస్తువులు తండ్రివేనని కొడుకు గుర్తుపట్టాడు. అప్పులు మాత్రం కొండంత ఉన్నాయని తర్వాత బయటపడింది. హత్య అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు గానీ, ఖాళీ అయిన ఆ ఖాతాలు చూశాక నాకు ఆ కథల మీద నమ్మకం కలగదు.

ఆయన మొదట అనుకుని వదిలేసిన దారే, గాలి ఊదకుండా పంపుతో నేరుగా నూనె కొట్టడం, ఆయన పోయిన 14 ఏళ్లకి సాధ్యమైంది. 1927లో స్టట్‌గార్ట్‌లో రాబర్ట్ బాష్ కంపెనీ ఇంజెక్షన్ పంపులు, నాజిళ్లు పెద్ద ఎత్తున తయారుచెయ్యడం మొదలుపెట్టింది. కంప్రెసర్ బెడద పోయింది, ఇంజిను లారీ ఎక్కింది. మన దేశంలో 1951లో మొదలైన మైకో అదే సరుకు ఇక్కడ తయారుచేసింది. పాత డ్రైవర్లు పంపుని ఇప్పటికీ మైకో అనే అంటారు. ఈ రోజు కామన్ రైల్లో ఒత్తిడి 1,600 బార్లు దాటింది, నాజిల్ రంధ్రం వెంట్రుక కంటే కాస్తే లావు.