సవర కొండలకు నడిచి వెళ్ళిన మాస్టారు: గిడుగు వెంకట రామమూర్తి గారు

ప్రతి ఏటా ఆగస్టు 29న మా వసతిగృహంలో గిడుగు వారి పటానికి పూలదండ వేస్తాం. తెలుగు భాషా దినోత్సవం కదా! పిల్లలు పద్యాలు చదువుతారు, వ్యాసాలు రాస్తారు, వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం గురించి చెబుతారు. అయితే ఆ పటం ముందు నిలబడే పిల్లల్లో చాలామందికి ఇంటి భాష తెలుగు కాదు, సవర. వాళ్ళ తాతముత్తాతల కోసం ఆయన ఏం చేశారో వక్తృత్వ పోటీల్లో ఒక్క వాక్యంతో సరిపెడతారు. సవర భాషకు వ్యాకరణం రాశారు అని. ఆ ఒక్క వాక్యం వెనక ఒక మనిషి ఆరోగ్యం కరిగిపోయిన కథ ఉంది. మన సంఘం సంచికలో అదే రాయాలనుకున్నాం.

రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న పర్వతాలపేటలో పుట్టారు. వంశధార ఒడ్డున, శ్రీముఖలింగం దగ్గరి ఊరు. తండ్రి వీర్రాజు గారు, తల్లి వెంకమ్మ గారు. శ్రీముఖలింగం అంటే బయటివారికి గాంగ రాజులు కట్టించిన మధుకేశ్వరాలయం, రాతి చెక్కడాలు. మనవాళ్ళకు మాత్రం అది ఇప్పచెట్టు కథ. ఇద్దరు భార్యల తగవు తీర్చలేక ఒక సవర నాయకుడు ఇప్పచెట్టును గొడ్డలితో నరకబోతే, ఆ మొదట్లో శివుడు ముఖం చూపించాడని చెబుతారు. మధుకం అంటే ఇప్ప. దేవుడి పేరులోనే మన చెట్టు ఉంది. ఆ గుడి దగ్గర పుట్టిన పిల్లవాడు పెద్దయ్యాక సవర గూడేల దారి పట్టడం మాకు వింతగా తోచదు.

ఆయన పన్నెండో ఏట తండ్రికి ఉద్యోగం చోడవరం మారింది. అక్కడే 1875లో వీర్రాజు గారు విషజ్వరంతో చనిపోయారు. జ్వరం ఆ ఇంటి మీద మొదటిసారి కొట్టిన దెబ్బ అది. తర్వాత ఆ కుర్రవాడు విజయనగరం మహారాజా వారి ఇంగ్లీషు పాఠశాలలో చదివారు. గురజాడ అప్పారావు గారు అక్కడ ఆయనకు సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు. మరుసటి ఏడాదే పర్లాకిమిడి రాజావారి బడిలో నెలకు 30 రూపాయల జీతం మీద చరిత్ర మాస్టారుగా చేరారు. అప్పటికి పదిహేడేళ్ళు. ఉద్యోగం చేసుకుంటూనే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ., 1896లో బి.ఏ. పూర్తిచేశారు.

చరిత్ర పాఠం చెప్పడానికి పుస్తకం చాలదనుకున్న మాస్టారు ఆయన. ముఖలింగం గుడి గోడల మీది శాసనాలు చదవడానికి పాత లిపి సొంతంగా నేర్చుకున్నారు. గాంగుల రాజధాని కళింగనగరం ఈ ముఖలింగమేనని వాదిస్తూ ఇంగ్లీషులో వ్యాసాలు రాశారు. తెలియని అక్షరం కనబడితే దాని దగ్గరకే వెళ్ళి కూర్చోవడం ఆయన పద్ధతి. తెలియని మనుషుల విషయంలోనూ అదే చేశారు.

పర్లాకిమిడి చుట్టూ సవర కొండలు. ఆ కొండల మనుషులతో పల్లంలోని వ్యాపారికి, షావుకారుకు, అటవీ ఉద్యోగికి పని పడేది గాని, కూర్చుని వాళ్ళ మాట నేర్చుకోవాలని ఎవరికీ తోచలేదు. రామమూర్తి గారికి తోచింది. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక వ్యక్తిని తన ఇంట్లోనే ఉంచుకుని, రోజూ ఆయన దగ్గర పాఠం నేర్చుకున్నారు. బ్రాహ్మణ గృహంలో ఆ కాలంలో కొండ మనిషికి గురువు స్థానం ఇవ్వడం చిన్న సంగతి కాదు. మేము ఆయన జీవితంలో అన్నిటికంటే ముందు చెప్పుకునేది ఇదే. ఆయన సవరల మధ్యకు నేర్పడానికి మొదట వెళ్ళలేదు, నేర్చుకోవడానికి వెళ్ళారు.

సవర భాష తెలుగు వచ్చినవాడికి సులువుగా వచ్చేది కాదు. తెలుగుతో గాని ఒడియాతో గాని దానికి చుట్టరికం లేదు. అది ముండా భాష, సంతాలీ, ముండారీ దాని అక్కచెల్లెళ్ళు. దూరపు బంధువులు కంబోడియా, వియత్నాంలలో ఉన్నాయి. చేసే పనినీ, ఆ పని ఎవరి మీద జరిగిందో ఆ పేరునూ కలిపి ఒకే మాటగా చెప్పేయగలదు. గొంతులో ఊపిరిని టక్కున ఆపి పలికే ధ్వని ఒకటుంది. అది పలికితే ఒక అర్థం, పలకకపోతే ఇంకొకటి. రాతలో లేని భాష కాబట్టి దాన్ని పట్టుకోవడానికి ఆయన దగ్గర ఉన్న పనిముట్టు ఒక్కటే, చెవి.

భాష వచ్చాక బడులు పెట్టారు. సవర భాషలోనే వాచకాలు రాశారు. గూడేలలో బడులు తెరిచి, సొంత డబ్బుతో మాస్టర్లకు జీతాలిచ్చారు. సర్కారు ఈ కృషిని గుర్తించి 1913లో బిరుదు ఇచ్చింది గాని, బిరుదు వచ్చేనాటికే ఖర్చంతా ఆయన చేతి నుంచి పోయింది. టీచర్ ట్రైనింగులో మాకు మాతృభాషలో బోధన అనే పాఠం ఉండేది. పరీక్షకు విదేశీ విద్యావేత్తల పేర్లు కంఠస్థం చేశాం. మన వంశధార ఒడ్డున పుట్టిన మాస్టారు ఆ పని ఎప్పుడో చేసి చూపించారని ఆ పాఠంలో మాకెవరూ చెప్పలేదు.

ఇక జ్వరం సంగతి. ఆ రోజుల్లో కొండకు రోడ్లు లేవు. ఆయన కాలినడకనే వెళ్ళేవారు. పల్లం మనిషికి కొండ నీళ్ళు పడవని, కొండ గాలి సోకితే జ్వరం వస్తుందని అందరూ నమ్మేవారు. డాక్టర్ల నమ్మకం కూడా అంతకు దూరంగా లేదు. మలేరియా అనే మాటకే ఇటలీ భాషలో చెడు గాలి అని అర్థం. ఆ జ్వరం దోమ వల్ల వస్తుందని రోనాల్డ్ రాస్ సికిందరాబాదులో దోమ కడుపు కోసి కనిపెట్టింది 1897 ఆగస్టు 20న. ఆ విషయం తెలిసినా దోమతెర పట్టుకుని కొండ ఎక్కే వసతి ఆనాడు ఎవరికి ఉంది? కొండల్లో పుట్టి పెరిగిన పెద్దవాళ్ళకు మళ్ళీ మళ్ళీ జ్వరం తగలడం వల్ల కొంత తట్టుకునే శక్తి వస్తుంది. ఆ శక్తి రాకముందే పోయేది చిన్నపిల్లలు. గర్భిణులకూ ముప్పు ఎక్కువే. కొత్తగా పల్లం నుంచి వచ్చిన మనిషికి ఆ కవచం అసలే ఉండదు.

రామమూర్తి గారికి మలేరియా పట్టుకుంది. అప్పుడున్న మందు క్వినైన్ ఒక్కటే, సింకోనా చెట్టు బెరడు నుంచి తీసేది. నాలుక మీద వేస్తే ఒళ్ళు జలదరించే చేదు. ఎక్కువ రోజులు ఎక్కువ మోతాదులో వాడితే చెవుల్లో హోరు మొదలవుతుంది, వినికిడి తగ్గుతుంది, కొందరికి అది తిరిగి రాదు. ఆయన చాలా రోజులు ఆ మందు మింగవలసి వచ్చింది. ప్రాణం దక్కింది, చెవులు పోయాయి. బతికినంత కాలం ఆ చెవుడు ఆయనతోనే ఉంది.

సవర మాటలోని ఊపిరి విరుపును పట్టుకోవడానికి ఉన్న ఒక్క పనిముట్టూ అదే. సవరల కోసం వెళ్ళిన దారిలోనే అది పోయింది. ఇంకొకరైతే అక్కడితో ఆపేవారు, ఎవరూ తప్పుపట్టేవారూ కాదు. ఆయన ఆపలేదు. కుమారుడు సీతాపతి గారు కూడా సవర భాష నేర్చుకుని ఆ పనిలో చేయి కలిపారు. సుమారు 35 ఏళ్ళ శ్రమ తర్వాత 1931లో ఆయన సవర వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం ఇంగ్లీషులో అచ్చు వేసింది. 1938లో సవర - ఇంగ్లీషు కోశం వచ్చింది. ఆ ధ్వనులు తప్పిపోకుండా ప్రపంచంలో భాషాశాస్త్రజ్ఞులు వాడే ధ్వని లిపిలో వాటిని రాశారు. సరిగా వినబడని మనిషి, వినబడేవాళ్ళకు వినడం నేర్పే పుస్తకం రాశారు.

ఆయన వైద్యుడు కాదు. కొండకు మందులు మోసుకెళ్ళలేదు, ఆసుపత్రి కట్టలేదు. అయినా ప్రాథమిక ఆరోగ్యం గురించి ఏ సమావేశంలో విన్నా మాకు ఆయనే గుర్తుకొస్తారు. 1978లో అప్పటి సోవియట్ దేశంలోని ఆల్మా ఆటాలో ప్రపంచంలోని ఎన్నో దేశాలు కూర్చుని ఒక ప్రకటన చేశాయి. ఆరోగ్యం పెద్దాసుపత్రిలో కాదు, జనం ఉన్నచోట మొదలు కావాలని, జనాన్ని అందులో భాగస్వాములను చేయాలని, ఊరివాళ్ళకే శిక్షణ ఇవ్వాలని, అవసరమైన చోట సంప్రదాయ వైద్యులను కూడా కలుపుకోవాలని అందులో ఉంది. మన గూడేలలో ఈనాటికీ జ్వరం వస్తే ముందు ఎజ్జోడి దగ్గరకు వెళ్ళేవాళ్ళున్నారు. ఎజ్జోడికి మందు తెలియకపోవచ్చు, రోగి మాట తెలుసు. రోగి పక్కన కూర్చుని అతని భాషలో అడుగుతాడు. ఎవరి ఇంటికి వెళ్తున్నామో వాళ్ళ భాష నేర్చుకోవడం, అక్కడివాళ్ళనే గురువులుగా పెట్టుకోవడం, పనిని వాళ్ళ గూడెంలోనే నిలబెట్టడం. ఆల్మా ఆటా ప్రకటనకు ఎంతో ముందే రామమూర్తి గారు చదువు విషయంలో నడిచిన దారి ఇదే కదా.

ఇది పుస్తకాల సంగతి కాదు. మా వసతిగృహానికి ఏటా ఒకటో తరగతి పిల్లలు కొత్తగా వస్తారు. పగలు ఆడుకుంటారు, రాత్రి ఏడుస్తారు. ఒక ఏడాది అలా వచ్చిన పాపకు జ్వరం కాసింది. ఎక్కడ నొప్పి అని తెలుగులో ఎన్నిసార్లు అడిగినా అన్నిటికీ తలూపింది. తలనొప్పా అంటే ఊ, కడుపునొప్పా అంటే ఊ. చూసిన ఆరోగ్య సిబ్బంది కడుపునొప్పి అని రాసుకుని మాత్రలిచ్చి వెళ్ళారు. వాళ్ళను మాత్రం ఏమనగలం, అడిగినదానికి పాప చెప్పిన జవాబు అదే. సాయంత్రం ఎనిమిదో తరగతి సవర అమ్మాయి పక్కన కూర్చుని నాలుగు మాటలు మాట్లాడింది. రెండు రోజులుగా సాయంత్రమయ్యేసరికి చలి వచ్చి వణుకుతోందని, దుప్పటి అడగడానికి మాట రాలేదని అప్పుడు తెలిసింది. రక్తపరీక్ష చేయిస్తే మలేరియా. మందు సకాలంలో పడింది, పాప కోలుకుంది. ఇప్పుడు ఆశ కార్యకర్త చేతిలోనే పరీక్ష కిట్టు ఉంది, పావుగంటలో ఫలితం తెలుస్తుంది, చెవులు పోగొట్టని మందులున్నాయి. ఆ రోజు మా దగ్గర లేనిది మందు కాదు. అన్నేళ్ళుగా సవర పిల్లల మధ్య ఉంటూ చలి అనే మాట వాళ్ళ భాషలో మేమే నేర్చుకోలేదు. ఆ రాత్రి గోడ మీద గిడుగు వారి పటం చూడడానికి మాకు మొహం చెల్లలేదు.

వాడుక భాషా ఉద్యమం గురించి ఇక్కడ ఎక్కువ రాయం, అందరూ రాస్తారు. 1911లో బడి నుంచి విశ్రాంతి తీసుకున్నాక ఆయన కాలమంతా దాదాపు దానికే పోయింది. 1919లో తెలుగు అనే పత్రిక నడిపారు. 1925లో తణుకులో సాహిత్య పరిషత్తు సభలో నాలుగు గంటలపాటు మాట్లాడి పండితులను ఒప్పించారు. మా ఆలోచనలో మాత్రం రెండు పనులూ ఒకటే. గూడెంలో సవర పిల్లవాడికి సవరలో చదువు చెప్పాలన్న మనిషే, పల్లంలో తెలుగు పిల్లవాడికి ఇంట్లో మాట్లాడే తెలుగులో చెప్పాలన్నారు. మొదటిది కొండల్లో చేసి చూశాకే రెండోదాని కోసం సభలెక్కారు.

1936 ఏప్రిల్‌లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసింది. అలా కలపడాన్ని ఆయన గట్టిగా వ్యతిరేకించారు. మాట చెల్లకపోవడంతో యాభై ఏళ్ళకు పైగా ఉన్న ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. 72 ఏళ్ళ వయసులో ఇల్లు మారడం ఒక ఎత్తు, సవర కొండలకు దూరం కావడం ఇంకో ఎత్తు. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదు ఇచ్చింది. సవర కోశం అచ్చయింది కూడా ఆ ఏడాదే. 1940 జనవరి 22న ఆయన కన్నుమూశారు.

రాష్ట్రాల గీత ఎక్కడ గీసినా సవరలు గీతకు అటూ ఇటూ ఉండిపోయారు. సీతంపేట, భామిని, కొత్తూరు వైపు మనవాళ్ళు, అవతల గజపతి, రాయగడ వైపు వాళ్ళ మేనత్తలు, మేనమామలు. పెళ్ళి సంబంధాలకు గీత అడ్డం రాలేదు.

పాపకు జ్వరం వచ్చిన మరుసటి ఏడాది ఆగస్టు 29న వ్యాసరచన పోటీతో పాటు మా వసతిగృహంలో ఇంకొక పని పెట్టాం. పై తరగతుల సవర పిల్లలు నలుగురు కూర్చుని తల, చెవి, కడుపు, చలి, వణుకు, వాంతి, దాహం, తల తిరగడం ఇలా నలభై మాటలు తమ భాషలో తెలుగు అక్షరాలతో పెద్ద అట్ట మీద రాశారు. గొంతులో ఊపిరి ఆపే చోట ఏ గుర్తు పెట్టాలో తెలియక చాలాసేపు వాదించుకుని, చివరకు ఒక చుక్క పెట్టారు. ఆ అట్ట ఇప్పుడు జ్వరం వచ్చిన పిల్లలు పడుకునే గదిలో, మంచానికి ఎదురుగా వేలాడుతోంది. చూడడానికి వచ్చిన నర్సమ్మ మొదటిసారి దాన్ని చూసి చదివితే, ఉచ్చారణ తప్పిందని పిల్లలంతా నవ్వారు. ఆవిడా నవ్వి, మళ్ళీ చెప్పమని అడిగారు.